బలం ఇంజిన్‌లో లేదు, పట్టులో ఉంది

శంషాబాద్‌లో విమానం ఎక్కినవాళ్లలో చాలామంది ఒక బండి సేవ పొందుతారు గానీ దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. తలుపులు మూసేశాక విమానం మొదట ముందుకు కాదు, వెనక్కి కదులుతుంది. అలా కదిలించేది విమానం ఇంజిన్లు కావు, ముందు చక్రానికి ఒక పొడవాటి కడ్డీతో తగిలించిన పొట్టి బండి. దాన్ని టగ్‌ అంటారు. 78 టన్నుల ఎయిర్‌బస్‌ ఎ320ని అది నాలుగైదు నిమిషాల్లో వెనక్కి నెట్టి, పసుపు గీత మీద తిన్నగా నిలబెట్టి, కడ్డీ ఊడదీసుకుని పక్కకు తప్పుకుంటుంది. అక్కణ్నుంచి విమానం దారి విమానానిది.

సముద్రం మీద ఓడలకు ఇదే పని చేసే పడవలు ఉన్నాయి. వాటినీ టగ్గులనే అంటారు. విశాఖ రేవులోకి వచ్చే పెద్ద ఓడలను పట్టుకొచ్చి గట్టుకు చేర్చేవి అవే. యుద్ధకాలంలో దెబ్బతిన్న నౌకలను శత్రువు కంటబడకుండా లాక్కొచ్చినవీ అవే. నేల మీది టగ్గుకూ నీటి మీది టగ్గుకూ వర్తించే సూత్రం ఒకటే. తనకన్నా ఎన్నో రెట్లు పెద్దదాన్ని కదిలించాలంటే ముందుగా కావాల్సింది పెద్ద ఇంజిన్‌ కాదు, గట్టి పట్టు.

విమానానికి రివర్స్‌ గేరు లేదు

కారు ఇంజిన్‌ చక్రాలను తిప్పుతుంది, చక్రాలు రోడ్డును వెనక్కి తోస్తాయి, కారు ముందుకు వెళ్తుంది. విమానంలో అలాంటి ఏర్పాటు లేదు. దాని చక్రాలకు బ్రేకులు ఉంటాయి గానీ ఇంజిన్‌తో సంబంధం ఉండదు. జెట్‌ ఇంజిన్‌ గాలిని వెనక్కి విసిరితే విమానం ముందుకు సాగుతుంది, చక్రాలు ఊరికే దొర్లుతాయి.

అలాగని వెనక్కి వెళ్లడం బొత్తిగా కుదరని పనేమీ కాదు. రన్‌వే మీద దిగాక వేగం తగ్గించడానికి ఇంజిన్‌ గాలిని ముందుకు మళ్లించే ఏర్పాటు చాలా విమానాల్లో ఉంది. 1980లలో అమెరికాలోని కొన్ని ఎయిర్‌లైన్స్‌ అదే ఏర్పాటుతో, టగ్గు సాయం లేకుండా, విమానాలను గేటు నుంచి వెనక్కి నడిపించేవి. ఆ పద్ధతి ఎక్కువ కాలం నిలవలేదు. ఇంధనం ఖర్చు, చెవులు చిల్లులుపడే మోత ఒక ఎత్తయితే, ముందుకు కొట్టిన గాలికి లేచిన ఇసుక, గులకరాళ్లు తిరిగి ఇంజిన్లోకే వెళ్లడం మరో ఎత్తు. ఎ320 లాంటి విమానాల్లో ఇంజిన్లు రెక్కల కింద నేలకు దగ్గరగా ఉంటాయి కాబట్టి ఆ ముప్పు మరీ ఎక్కువ. పైగా ఎదురుగా ఉన్నది టెర్మినల్‌ అద్దాల గోడ. అందుకే ఈ పనిని టగ్గుకు అప్పగించారు.

కారు ఇంజిన్‌ సరిపోతుంది, కారు సరిపోదు

78 టన్నుల విమానాన్ని కదిలించడానికి ఎంత బలం కావాలి? దాన్ని పైకి ఎత్తడం లేదు, చక్రాల మీద దొర్లిస్తున్నాం. గట్టి కాంక్రీటు మీద విమానం టైర్లు దొర్లడానికి అయ్యే ప్రతిఘటన మొత్తం బరువులో ఒకటి నుంచి రెండు శాతం. ఒకటిన్నర శాతం అనుకుంటే 1.2 టన్నుల బలం. విమానాలు నిలిపే చోట వాననీరు నిలవకుండా నేలకు కొద్దిగా వాలు ఇస్తారు. ఆ వాలు ఒక శాతం దాటకూడదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణం. ఆ ఒక్క శాతం ఎత్తుకు ఎదురు నెట్టాల్సివస్తే మరో 0.8 టన్ను. నిలబడి ఉన్నదాన్ని కదిలించే తొలి క్షణంలో ఇంకొంచెం ఎక్కువ కావాలి. అంతా కలిపి మూడు టన్నులనుకుందాం.

ఆ మూడు టన్నుల బలంతో మనిషి నడిచే వేగంలో, అంటే గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నెట్టడానికి కావాల్సిన సామర్థ్యం లెక్కిస్తే దాదాపు 41 కిలోవాట్లు. హార్స్‌పవర్‌లో చెప్పాలంటే 55. మామూలు చిన్న కారు ఇంజిన్‌ 80 హార్స్‌పవర్‌ దాకా ఇస్తుంది. అంటే మన వీధిలో నిలిపి ఉన్న కారు ఇంజిన్‌కు ఎ320ని నడిపించే సత్తా ఉంది.

మరి కారును తెచ్చి విమానానికి కడితే? చక్రాలు అక్కడికక్కడే గిర్రున తిరిగి టైరు కాలిన వాసన వస్తుంది తప్ప విమానం అంగుళం కదలదు. లోపం కారు ఇంజిన్‌లో లేదు, బరువులో ఉంది. టైరు నేలను ఎంత గట్టిగా తోయగలదన్నది ఆ టైరు మీద పడే బరువును, టైరుకూ నేలకూ మధ్య ఉన్న ఘర్షణను బట్టి ఉంటుంది. పొడి కాంక్రీటు మీద రబ్బరు టైరు తన మీది బరువులో దాదాపు 80 శాతం దాకా తోపుగా మార్చగలదు. చిన్న కారులో ఇంజిన్‌ తిప్పే ముందు చక్రాల మీద పడే బరువు 600 కిలోలకు అటూఇటూ. అందులో 80 శాతం అంటే అర టన్ను కూడా కాదు. కావాల్సింది మూడు టన్నులు. అంతకు మించి ఇంజిన్‌ ఎంత బలం ఇచ్చినా అది చక్రాన్ని జారుస్తుందే గానీ బండిని కదపదు.

మన రైతులకు ఇది కొత్త సంగతి కాదు. దుక్కిలో ట్రాక్టరు చక్రాలు జారుతుంటే వెనక టైర్లలో నీళ్లు నింపిస్తారు, చక్రాలకు ఇనుప బిళ్లలు బిగిస్తారు, దమ్ము చేసేటప్పుడు ఇనుప కేజ్‌ చక్రాలు తగిలిస్తారు. వీటిలో ఏదీ ఇంజిన్‌ శక్తిని పెంచదు. పెంచేది నేల మీద పట్టును.

విమానాశ్రయం టగ్గును తయారుచేసేవాళ్లూ అదే పని చేస్తారు. కార్లు, బస్సులు తయారుచేసేవాళ్లు బరువు ఎలా తగ్గించాలా అని తలలు పట్టుకుంటే, వీళ్లు కావాలని పెంచుతారు. మందమైన ఉక్కు పలకలతో చట్రం కడతారు. నాలుగు చక్రాలకూ ఇంజిన్‌ బలం అందేలా చూస్తారు. చిన్న విమానాలకు పది పన్నెండు టన్నుల టగ్గు చాలు. పెద్దవాటికి 50 టన్నులు దాటిన టగ్గులూ ఉన్నాయి.

12 టన్నుల టగ్గు పొడి నేల మీద తొమ్మిది టన్నులకు పైగా తోయగలదు. కావాల్సింది మూడే అయినప్పుడు అంత మిగులు దేనికి? జూలైలో శంషాబాద్‌ వైపు వెళ్లినవాళ్లకు జవాబు తెలుసు. వాన పడి కాంక్రీటు తడిస్తే ఆ 80 శాతం పట్టు 50కి పడిపోవచ్చు. తడి నేల మీద చిందిన నూనె కూడా తోడైతే ఇంకా దిగుతుంది. ఎండాకాలానికి సరిపోయే బండి వానాకాలంలో చేతులెత్తేస్తే కుదరదు.

2016 మే నెలలో అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్ద సరకు విమానమైన ఆంటొనోవ్‌ ఏఎన్‌-225 శంషాబాద్‌లో దిగింది. ఆ విమానం భారతదేశంలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. దాని గరిష్ఠ బరువు 640 టన్నులు. పై లెక్కనే వాడితే అంత బరువును ఒక శాతం వాలుకు ఎదురు నెట్టడానికి 16 టన్నుల బలం కావాలి. పొడి నేల మీద అందుకు 20 టన్నుల టగ్గు చాలు, తడి నేల మీద 32 టన్నుల టగ్గు ఉండాలి. విమానం మారలేదు, ఇంజిన్‌ మారలేదు. కాంక్రీటు మీద పడ్డ నాలుగు చినుకులు 12 టన్నుల తేడా తెచ్చాయి.

వాషింగ్టన్‌లో ఓడిన టగ్గు

పట్టు పూర్తిగా పోతే ఏమవుతుందో 1982 జనవరి 13న వాషింగ్టన్‌లో కనిపించింది. ఆ రోజు మంచు దట్టంగా కురుస్తోంది. ఎయిర్‌ ఫ్లోరిడా 90వ నంబరు విమానాన్ని, అంటే ఒక బోయింగ్‌ 737ను, గేటు నుంచి వెనక్కి నెట్టడానికి టగ్గు వచ్చింది. నేల మీద మంచు, గడ్డకట్టిన నీరు, విమానం మీంచి కారిన మంచునివారణ ద్రవం, దానికి తోడు కొద్దిపాటి ఎత్తు. టగ్గు చక్రాలకు గొలుసులు లేవు. చక్రాలు తిరిగాయి, విమానం కదల్లేదు.

మంచు గడ్డ మీద రబ్బరు పట్టు పది శాతం దాకా దిగజారుతుంది. పది టన్నుల టగ్గు అక్కడ ఒక టన్ను మాత్రమే తోయగలదు. 46 టన్నుల విమానానికి అది చాలదు. పైలట్లు ఇంజిన్‌ గాలిని ముందుకు మళ్లించి కొంతసేపు ప్రయత్నించినా ఫలితం లేకపోయింది. చివరికి చక్రాలకు గొలుసులు కట్టిన మరో టగ్గు వచ్చి పని కానిచ్చింది. ఇంజిన్‌ బలం చేయలేని పనిని ఇనుప గొలుసు చేసిపెట్టింది.

ఆ విమానం ఎగిరిన కాసేపటికే పొటోమాక్‌ నది వంతెనకు తగిలి కూలింది. విమానంలో 74 మంది, వంతెన మీద నలుగురు చనిపోయారు. దానికి కారణం టగ్గు కాదు. రెక్కల మీద పేరుకున్న మంచుతోనే ఎగరడం, ఇంజిన్లలో మంచు నివారణ ఏర్పాటును ఆన్‌ చేయకపోవడం అసలు కారణాలని విచారణ తేల్చింది.

తెగడానికే పుట్టిన పిన్ను

టగ్గును విమానానికి కలిపే కడ్డీని టో బార్‌ అంటారు. దాని కొసన ఉన్న తల విమానం ముందు చక్రం ఇరుసుకు పట్టుకుంటుంది. దగ్గరికెళ్లి చూస్తే ఆ తలలో వేలెడంత కూడా లేని లోహపు పిన్నులు కనిపిస్తాయి. వీటిని షియర్‌ పిన్నులంటారు. ఒకటి లాగుడు, తోపుడు హద్దు దాటితే తెగుతుంది. మరొకటి మెలి హద్దు దాటితే తెగుతుంది. అంత బరువును కదిలించే చోట కావాలని బలహీనమైన పిన్ను ఎందుకు పెట్టారన్న అనుమానం రావచ్చు. విమానం ముందు కాలు కోట్ల రూపాయల భాగం. టగ్గు డ్రైవరు అదాటున బ్రేకు తొక్కినా, మితిమీరి తిప్పినా ఆ దెబ్బ కాలు మీద పడకుండా పిన్ను మీద పడాలి. పిన్ను మారిస్తే మళ్లీ పనిలోకి దిగవచ్చు. కాలు దెబ్బతింటే ఆ విమానం షెడ్డుకు వెళ్లాల్సిందే.

ఇంకో పిన్ను కూడా ఉంది, ఎర్ర రిబ్బను వేలాడుతూ ఉండేది. విమానం ముందు చక్రాన్ని పైలట్‌ తిప్పే హైడ్రాలిక్‌ ఏర్పాటును తాత్కాలికంగా ఆపేది అదే. అది పెట్టడం మరిచిపోతే టగ్గు ఒకవైపు, విమానం మరోవైపు చక్రాన్ని తిప్పబోతాయి. నెట్టడం అయ్యాక హెడ్‌సెట్‌ పెట్టుకున్న గ్రౌండ్‌ సిబ్బంది ఆ పిన్నును తీసి, దూరంగా నిలబడి రిబ్బనుతో సహా పైకెత్తి పైలట్‌కు చూపిస్తారు. పైలట్‌ చెయ్యి ఊపుతాడు. ప్రయాణికులు వీడ్కోలు అనుకునే ఆ సైగకు అసలు అర్థం, చక్రం మళ్లీ పైలట్‌ అధీనంలోకి వచ్చిందని.

కడ్డీ లేని టగ్గులూ వచ్చాయి. అవి ముందు చక్రాన్ని ఒడిసిపట్టి నేల నుంచి కొద్దిగా పైకి ఎత్తుతాయి. దానివల్ల విమానం బరువులో పదో వంతు దాకా టగ్గు చక్రాల మీదకు వస్తుంది. తనతో ఇనుము మోసుకు తిరగాల్సిన అవసరం అంతమేరకు తగ్గుతుంది. నెట్టాల్సిన విమానమే తనను నెట్టడానికి కావాల్సిన పట్టును ఇస్తుందన్నమాట.

ఆపడానికీ పట్టే ఆధారం. శంషాబాద్‌లో మరమ్మతుల కోసం జీఎంఆర్‌ ఏరో టెక్నిక్‌ హ్యాంగర్ల దాకా విమానాలను లాక్కెళ్లేటప్పుడు వేగం కాస్త పెంచాలనిపించడం సహజం. కానీ వేగం 5 నుంచి 20 కిలోమీటర్లకు పెరిగితే ఆపాల్సిన గతిశక్తి 16 రెట్లవుతుంది. 78 టన్నుల విమానాన్ని ఆ వేగం నుంచి 20 మీటర్లలో ఆపాలంటే ఆరు టన్నుల బలం కావాలి. తడి నేల మీద 12 టన్నుల టగ్గు ఇవ్వగలిగేది సరిగ్గా అంతే. అందుకే లాక్కెళ్లే విమానం కాక్‌పిట్‌లో బ్రేకులు వేయడానికి ఒక మనిషి కూర్చోవడం తప్పనిసరి.

నీళ్లలో పట్టు ఎక్కడిది?

నీటి మీది టగ్గుకు కాంక్రీటు లేదు, టైరు లేదు. అది తోయగలిగింది నీళ్లనే. ప్రొపెల్లర్‌ నీటిని వెనక్కి విసురుతుంది, నీరు పడవను ముందుకు తోస్తుంది. విసిరిన నీటి పరిమాణాన్ని, దాని వేగాన్ని గుణిస్తే వచ్చేదే తోపు. దానికయ్యే శక్తి మాత్రం వేగానికి వర్గంగా పెరుగుతుంది. అంటే కొద్ది నీటిని వేగంగా విసరడం కన్నా రెట్టింపు నీటిని సగం వేగంతో విసిరితే తోపు అంతే వస్తుంది, శక్తి సగమే ఖర్చవుతుంది. టగ్గులకు నిదానంగా తిరిగే పెద్ద ప్రొపెల్లర్లు పెట్టేది ఇందుకే. వాటి చుట్టూ బిగించే గొట్టం లాంటి తొడుగు నిదానపు వేగంలో తోపును ఇంకా పెంచుతుంది. జర్మన్‌ ఇంజినీరు లుడ్విగ్‌ కోర్ట్‌ 1930లలో దాన్ని ప్రాచుర్యంలోకి తెచ్చాడు.

టగ్గు బలాన్ని కొలిచే తీరు కూడా ముచ్చటగా ఉంటుంది. గట్టు మీద పాతిన ఇనుప దిమ్మకు టగ్గును తాడుతో కట్టి, ఇంజిన్‌ను పూర్తి బలంతో నడిపి, తాడు మీద ఎన్ని టన్నుల లాగుడు పడిందో చూస్తారు. దాన్ని బొల్లార్డ్‌ పుల్‌ అంటారు. విశాఖలోని హిందుస్థాన్‌ షిప్‌యార్డ్‌ భారత నౌకాదళానికి కట్టిచ్చిన టగ్గుల్లో 50 టన్నుల బొల్లార్డ్‌ పుల్‌ ఉన్నవి ఉన్నాయి. 1933లో మొదలైన విశాఖ రేవులో, డాల్ఫిన్స్‌ నోస్‌ కొండ పక్క నుంచి లోపలికి వెళ్లే దారి ఇరుకు. అక్కడ గాలికి ఓడ పక్కకు జరగకుండా పట్టుకోవాల్సిన బలం పెద్దదే.

యుద్ధంలో టగ్గు ఆయుష్షు

రెండో ప్రపంచ యుద్ధం మన తీరానికీ వచ్చింది. 1942 ఏప్రిల్‌ 6న జపాన్‌ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ రెండు నెలలకే పసిఫిక్‌ సముద్రంలో ఒక టగ్గుకు తన శక్తికి మించిన పరీక్ష ఎదురైంది.

మిడ్‌వే యుద్ధంలో దెబ్బతిని ఒక పక్కకు ఒరిగిన అమెరికా విమానవాహక నౌక యార్క్‌టౌన్‌ను లాక్కురావడానికి వచ్చిన టగ్గు వీరియో. అది మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో కట్టిన మైన్‌స్వీపర్‌. దాన్నే తర్వాత టగ్గుగా మార్చారు. దాని బరువు వెయ్యి టన్నులలోపు, లాగాల్సిన నౌక 20 వేల టన్నుల పైమాట. తాడు కట్టి లాగితే యార్క్‌టౌన్‌ కదిలింది గానీ వేగం మూడు నాట్లు, అంటే గంటకు ఐదున్నర కిలోమీటర్లు కూడా దాటలేదు. నీటి ప్రతిఘటన వేగానికి వర్గంగా పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే లాగుడు నాలుగు రెట్లు, శక్తి ఎనిమిది రెట్లు ఉండాలి. వీరియో దగ్గర అది లేదు. మరుసటి రోజు, జూన్‌ 6న, జపాన్‌ జలాంతర్గామి ఐ-168 ఆ నిదానపు నౌకను చేరుకుని టార్పెడోలు వదిలింది. యార్క్‌టౌన్‌ 7న ఉదయం మునిగిపోయింది.

ఇంతకన్నా బలమైన నవాహో తరగతి టగ్గులను అమెరికా నౌకాదళం అప్పటికే కట్టిస్తోంది. 205 అడుగుల పొడవు, 3,000 హార్స్‌పవర్‌. వాటిలో డీజిల్‌ ఇంజిన్‌ నేరుగా ప్రొపెల్లర్‌ను తిప్పదు. అది విద్యుత్తు పుట్టిస్తే మోటారు ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది. డీజిల్‌ ఇంజిన్‌ బాగా తిరిగితే తప్ప పూర్తి బలం ఇవ్వదు, విద్యుత్‌ మోటారు మాత్రం నిలబడ్డ చోటి నుంచే పూర్తి మెలిబలం ఇస్తుంది. టగ్గుకు కావాల్సింది సరిగ్గా అదే.

ఎంత మంచి యంత్రమైనా యుద్ధంలో దాని ఆయుష్షుకు హామీ లేదు. టగ్గు ఉండాల్సింది దెబ్బతిన్న ఓడ పక్కన, అంటే శత్రువు గురి ఇంకా తప్పని చోట. తాడు కట్టాక తప్పించుకోవడానికి వేగం ఉండదు. ఆ తరగతికి పేరిచ్చిన నవాహో 1943 సెప్టెంబరులో మునిగింది. అదే తరగతికి చెందిన నాసెట్‌ 1943 మార్చిలో విధుల్లో చేరి, సెప్టెంబరు 9న ఇటలీలోని సలేర్నో తీరంలో మిత్రరాజ్యాల సేనలు దిగిన రోజే బాంబు దాడికి గురై మునిగిపోయింది. దాని సేవ నిండా ఆరు నెలలు.

రేపటి టగ్గు

నవాహో టగ్గులు నీటి మీద వాడుకున్న విద్యుత్‌ మోటారు లాభమే ఇప్పుడు విమానాశ్రయాల్లో బ్యాటరీ టగ్గులకు దారి వేస్తోంది. మిగతా వాహనాల్లో భారంగా అనిపించే బ్యాటరీ బరువు ఇక్కడ ఉపయోగపడుతుంది. ఇనుప పలకల స్థానంలో బ్యాటరీ కూర్చుంటుంది, పట్టుకు పట్టూ ఉంటుంది, శక్తికి శక్తీ ఉంటుంది. టగ్గును నడిపే తీరు కూడా మారుతోంది. 2019 అక్టోబరులో ఢిల్లీలో ఎయిర్‌ ఇండియా ట్యాక్సీబాట్‌ అనే టగ్గును ప్రయాణికుల విమానానికి వాడింది. పైలట్‌ కాక్‌పిట్‌లోంచే దాన్ని నడుపుతూ, విమానం ఇంజిన్లు వేయకుండానే రన్‌వే దగ్గరికి వెళ్లవచ్చు. ఎ320 రెండు ఇంజిన్లతో నేల మీద నడిచేటప్పుడు నిమిషానికి పది కిలోల పైచిలుకు ఇంధనం తాగుతుంది కాబట్టి మిగిలేది తక్కువేమీ కాదు.

యంత్రాల గొప్పదనాన్ని హార్స్‌పవర్‌తో కొలవడం మనకు అలవాటు. టగ్గు విషయంలో ఆ అంకె సగమే చెబుతుంది. నేల మీది టగ్గయితే బరువెంతో, నేల తడిగా ఉందో పొడిగా ఉందో అడగాలి. నీటి మీది టగ్గయితే బొల్లార్డ్‌ పుల్‌ ఎన్ని టన్నులో అడగాలి. టగ్గు ఎంత లాగుతుందో తేల్చేవి ఆ అంకెలే.